పదకొండో మెట్టు మీద పియానో

వెర్దున్, మోంట్రియల్
2019 జనవరి 20

కాన్రాడ్ బావకి,

నలభై ఏళ్లుగా ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. 1979 జూలై ఒకటో తారీకున జిసెల్ పియానో మెట్ల మీద ఇరుక్కోవడం నా తప్పు కాదు. నీ తప్పు. ముందు ఈ ముక్క చదువుకుని, కాసిని మంచినీళ్లు తాగి, తర్వాత మిగతాది చదువు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. మీ ఇంట్లో ఫోన్ ఎత్తేది ఎప్పుడూ మా చెల్లెలే. పైగా ఫోన్ పట్టుకుంటే నాకు ఒక చెయ్యి పోతుంది. ఒక చేత్తో నేను సగమే ఆలోచిస్తాను. సగం ఆలోచనతో నీతో వాదిస్తే నువ్వే గెలుస్తావు. అందుకే ఉత్తరం. నేను నాలుగో తరగతిలో బడి మానేశానని నీకు తెలుసు కాబట్టి అక్షరాలు చూసి నవ్వకు.

ఆ రోజు జరిగింది మళ్లీ చెప్తాను, ఎందుకంటే నువ్వు ఒక్కో పెళ్లిలో ఒక్కోలా చెప్పావు. ఊరంతా ఇళ్లు మారే రోజు అది. మీకు కొత్తగా పెళ్లయింది, మూడో అంతస్తులో వాటా తీసుకున్నారు. బయటి ఇనప మెట్లు, నత్తగుల్లలా మెలి తిరిగినవి. పియానో కింద మన మనుషులు నలుగురు. ఎటు తిప్పాలో చెప్పేవాణ్ణి నేను. ఇళ్ల సామాను చేరేసే మన లారీ మీద పదేళ్లు ఆ పని నాదే. కింద నిలబడి, ఇంకా దించని సామానుని గాలిలో రెండు చేతులా పట్టుకున్నట్టు, ఇటు తిప్పి అటు తిప్పి, తల ముందు, కాళ్లు గోడకి అని నేనంటే ఆ సామాను ఎక్కేసేది. మంచాలు ఎక్కాయి, బీరువాలు ఎక్కాయి, ఒకసారి పళ్ల డాక్టరుగారి కుర్చీ ఎక్కింది.

ఆ రోజు సరిగ్గా నేను చేతులెత్తే సమయానికి నువ్వు వచ్చి, జిసెల్ బంగారు చేప ఉన్న గాజు గిన్నె నా చేతుల్లో పెట్టావు. అంచుదాకా నీళ్లు. "పట్టుకో బావా, ఒలికిందంటే సెనేటర్ చచ్చిపోతాడు, నీ చెల్లెలు ఏడుస్తుంది" అన్నావు. సెనేటర్ అంటే చేప. మీటలు గోడవైపా, వీధివైపా అని మనవాళ్లు అడిగారు. నేను నీళ్లు చూస్తూ "గోడవైపు" అన్నాను.

పదకొండో మెట్టు దగ్గర పియానో ఇరుక్కుంది. పైకి రాదు, కిందికి రాదు. ఇనప కటకటాలు కొయ్యడానికి ఆ రోజు ఊళ్లో మనిషి దొరకడు, అందరూ ఎవరో ఒకరి సోఫా కింద ఉన్నారు. మూడు రోజులు అక్కడే ఉంది. రెండు రాత్రులు వాన. పోస్ట్‌మాన్ దాని కింద నుంచి పాక్కుంటూ వెళ్లాడు. దించేసరికి తీగలు తుప్పు, చెక్క ఉబ్బి పోయింది. మా పెద్దత్తయ్య జిసెల్‌కి ఇచ్చిన పియానో అది. అప్పటి నుంచి మన పనిలో ఉన్న ప్రతివాడికీ నేను పదకొండో మెట్టు ఒమెర్‌ని. అది పోనీ. 1989లో మీరు రిమూస్కీ వెళ్లినప్పుడు జిసెల్ సామాను ఎత్తడానికి పరాయివాళ్లని పిలిచింది. నా సొంత చెల్లెలి సామాను పరాయివాళ్లు మోశారు. నేను వీధికి అవతలి పక్క నిలబడి చూశాను. అది నీకు తెలియదు.

ఇప్పుడు అసలు సంగతి. కిందటి జూలైలో మా పక్క వాటాలోకి మిర్లాంద్ అనే అమ్మాయి దిగింది. హయితీవాళ్ల అమ్మాయి, యూనివర్సిటీలో మెదడు మీద పని చేస్తుంది. ఆమె సోఫా గుమ్మంలో పడితే నేను బాల్కనీలోంచి చేతులు తిప్పి దారి చెప్పాను. ఆమె సోఫాని చూడలేదు, నా చేతుల్ని చూసింది. చేతులు జేబులో పెట్టుకుంటే ఏమవుతుంది అని అడిగింది. నలభై ఏళ్లలో ఆ ప్రశ్న ఒక్కడూ అడగలేదు.

పోయిన వారం నన్ను వాళ్ల యంత్రంలో పడుకోబెట్టారు. ఇనుము ఉండకూడదని బెల్టు తీసేశారు, ప్యాంటు దారంతో కట్టుకున్నాను. ఘనాలు అతికించిన బొమ్మలు రెండేసి చూపిస్తారు. రెండోది అదే బొమ్మని తిప్పి పెట్టిందా, లేక అద్దంలో బొమ్మా అని చెప్పాలి. నా చేతులు కదలకుండా పక్కన పడుకుని ఉన్నాయి. అయినా మెదడులో చేతిని కదిలించడానికి సిద్ధమయ్యే చోటు భగ్గున వెలిగింది. మిర్లాంద్ తెర మీద చూపించింది. బయటి చెయ్యి నిద్రపోయినా లోపలి చెయ్యి బొమ్మని తిప్పుతూనే ఉందన్నమాట. సామాను తిప్పే చోటూ, చెయ్యి తిప్పే చోటూ పక్కపక్కనే కాదు బావా, ఒకటే. యూనివర్సిటీ చెప్పింది. వాళ్ల కాగితం ఇందులో పెట్టాను.

మా పై వాటా జూలై ఒకటికి ఖాళీ అవుతుంది. మళ్లీ ఊరికి వచ్చేయాలని ఉందని క్రిస్మస్‌కి జిసెల్ ఫోన్‌లో అంది. రమ్మను. కానీ ముందు నువ్వు దాని ముందు తప్పు ఒప్పుకో. ఈసారి దాని సామాను నేను ఎక్కిస్తాను.

ఒమెర్ బ్రిజ్‌బ్వా

*

రిమూస్కీ
2019 ఫిబ్రవరి 3

పూజ్యులైన ఒమెర్ బావగారికి,

మీ ఉత్తరం అందింది. పెట్టె దగ్గరికి వెళ్లి ఉత్తరాలు తెచ్చేది నేనే కాబట్టి జిసెల్ చూడలేదు. ఇక్కడ నది గడ్డకట్టింది, నా మోకాళ్లు కూడా. మిగతా అంతా క్షేమం.

మీ మెదడు వెలిగిందని తెలిసి చాలా సంతోషించాను. నలభై ఏళ్లుగా మేమంతా ఎదురుచూస్తున్న వార్త అది. అయితే బావగారూ, మీరు పంపిన కాగితం మీరు పూర్తిగా చదివినట్టు లేదు. కింద చిన్న అక్షరాల్లో ఇంకో పరీక్ష సంగతి ఉంది. చేతులు ఖాళీగా వదిలితే నలభై బొమ్మల్లో ముప్పై ఆరు సరిగ్గా చెప్పారట, ఒక్కోదానికి నాలుగు సెకన్లు. చేతుల మీద ఇసక సంచులు పెడితే ముప్పై అయిదు సరిగ్గా చెప్పారట, కాకపోతే ఒక్కోదానికి తొమ్మిది సెకన్లు. అంటే చేతులు కట్టేస్తే మీరు నిదానిస్తారు, అంతేగానీ తప్పు చెప్పరు. ఆ రోజు మిమ్మల్ని ఎవరూ తొందరపెట్టలేదు. మరి పియానో ఎందుకు ఇరుక్కున్నట్టు? ఈ ప్రశ్నకి జవాబు మీ యూనివర్సిటీనే అడగండి.

ఒక చేత్తో సగమే ఆలోచిస్తానన్నారు. ఉత్తరం రాసేటప్పుడు కూడా ఒక చెయ్యి కలానికే పోతుంది కదా. ఊరికే అడిగాను.

నేను పెళ్లికొకలా చెప్తానన్నారు. అది అన్యాయం. ఆ రోజు నిమిషం నిమిషం నాకు గుర్తుంది. పొద్దున ఏడింటికి మొదటి విడతలోనే చేప గిన్నెని నా చేతులతో మూడో అంతస్తుకి తీసుకెళ్లి వంటింటి కిటికీలో పెట్టాను. ఎనిమిదింటికి మంచం. తొమ్మిదింటికి జిసెల్ మనకి బఠానీ సూప్ తెచ్చింది, మీరు రెండు గిన్నెలు తాగారు. పదింటికి పియానో. జ్ఞాపకశక్తిలో నాతో పందెం కాయకండి.

పై వాటా మాట జిసెల్‌కి చెప్పాను. ఆమె మొహం వెలిగింది, యంత్రం అవసరం లేకుండానే. అద్దె రాతలు ఎప్పుడో కనుక్కోండి. పాత కథలు ఇద్దరం మరిచిపోవడం ఆరోగ్యానికి మంచిది.

ఇట్లు మీ విధేయుడు,
కాన్రాడ్ లాఫ్రెన్యేర్

*

వెర్దున్
2019 ఫిబ్రవరి 24

కాన్రాడ్‌కి,

నన్ను మీరు అంటున్నావు. నీకు మర్యాద ఎక్కువైందంటే కాళ్ల కింద ఏదో దాచావని అర్థం. పదేళ్లు నీతో లారీలో కూర్చున్నాను, నాకు తెలుసు.

కలం సంగతి అడిగావు. నేను ముందు ఆలోచించి తర్వాత కలం పట్టుకుంటాను. నీలా రెండూ ఒకేసారి చెయ్యను.

నీ ఉత్తరం తీసుకుని మిర్లాంద్ దగ్గరికి వెళ్లాను. ఆ చిన్న అక్షరాలు నిజమేనా అంటే నిజమేనంది. కోపం వచ్చింది. ఆ అమ్మాయి మంచిది, కానీ నోట్లోంచి ఒక్క మాట గట్టిగా రాదు. మెదడులో ఆ చోటు వెలిగినంత మాత్రాన అన్నీ అదే చేస్తోందని చెప్పలేమంది. కొందరు చేతులతో తిప్పుతారు, కొందరు కళ్లతోనే తిప్పుతారు, మీరు చేతుల మనిషి అనిపిస్తోంది అంది. అనిపించడం కాదమ్మా, రాసివ్వు అన్నాను. రాసివ్వాలంటే ఇంకో పరీక్ష చెయ్యాలంది.

అప్పుడు నేనే అడిగాను. ఇసక సంచి కింద చెయ్యి ఊరికే పడుకుంటుంది, దానికి పని లేదు. చేప గిన్నె కింద చెయ్యి ఊరికే ఉండదు. నీళ్లు ఇటు వస్తే అటు వంగాలి, అటు వస్తే ఇటు వంగాలి. అది చేతికి నిండా పని. రెండూ ఒకటేనా? ఆ అమ్మాయి లేచి వెళ్లి సలాడ్ గిన్నె తెచ్చింది.

ఈసారి యంత్రం లేదు, బల్ల ముందు కుర్చీ. గిన్నెనిండా నీళ్లు. చేప బదులు కారెట్ ముక్క వేశాం. మొదటి గిన్నె బొమ్మలున్న కంప్యూటర్ మీద పడింది. ఇంకో కంప్యూటర్ తెచ్చారు. పక్క గదుల్లో పెద్ద చదువులవాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. ఒకడు నేను గెలుస్తానన్నాడు, ఇంకొకడు కారెట్ గెలుస్తుందన్నాడు.

నలభైలో పంతొమ్మిది. విన్నావా. కళ్లు మూసుకుని నోటికొచ్చింది చెప్పినా ఇరవై వస్తాయని మిర్లాంద్ అంది. నీ గిన్నె నన్ను గుడ్డివాడికన్నా ఒక మెట్టు కిందికి దించింది. మెదడులో చెయ్యి తిప్పే చోటు నీళ్లని కాపాడుతూ కూర్చుంటే పియానోని ఎవడు తిప్పుతాడు? కాగితం పంపుతున్నాను. ఈసారి చిన్న అక్షరాలు వద్దని ముందే చెప్పాను, అన్నీ పెద్దవే.

ఇక ఒప్పుకో.

ఒమెర్

*

రిమూస్కీ
2019 మార్చి 10

ప్రియమైన బావగారికి,

కాగితం చూశాను. అక్షరాలు నిజంగానే పెద్దవి. కారెట్ విషయంలో నా అభినందనలు అందరికీ తెలియజేయండి.

గిన్నె అందించడం వల్ల మీకు కొంత ఇబ్బంది కలిగి ఉండవచ్చని ఇప్పుడు నాకూ అనిపిస్తోంది. కొంత అంటే కొంతే. నేనేమైనా కావాలని చేశానా? ఆ సమయంలో గిన్నె ఎవరో ఒకరు పట్టుకోవాలి, మీరు ఊరికే నిలబడి ఉన్నారు. అంతే కదా. ఈ మాట జిసెల్‌కి చెప్పడానికి నాకు అభ్యంతరం లేదు. తగిన సమయం చూసి చెప్తాను.

ఈలోగా మీ వల్ల నాకో సహాయం కావాలి. దయచేసి ఈ పేరా రెండుసార్లు చదవండి.

జిసెల్ ఇక్కడి చర్చి అమ్మకంలో ఒక పియానో చూసింది. నల్లది, నిలువుది. మోంట్రియల్‌లో పెట్టుకుంటానంటోంది. చిన్నప్పటి నుంచి కోరిక, ఇంట్లో ఇప్పటికీ ఒక్క వాద్యం లేదు అని రెండు రోజులు ఏడ్చింది. ఆ పియానో మీ మెట్లు ఎక్కకపోతే తను రానంటోంది. ఎక్కుతుందో లేదో ఎవర్నైనా అడుగు అంది. మీ అన్నయ్య ఉన్నాడుగా అన్నాను. ఆమె ఏమందో యథాతథంగా రాస్తున్నాను, నా మీద కోపం తెచ్చుకోకండి. "అన్నయ్యని తప్ప ఎవర్నైనా అడుగు" అంది.

కాబట్టి నా ఆలోచన ఇది. ఆ మెట్ల మీద పియానో ఎక్కదు అని మీరు నాకు ఒక ముక్క రాయండి. మీరు కొలిచి చెప్పినట్టు. ఈ వయసులో ఆమెకి పియానో ఎందుకు? చిన్నది, ఏదైనా కరెంటుతో వాయించేది కొనిస్తాను. చెవికి పెట్టుకునేది ఉంటుంది, వాయించేవాళ్లకి మాత్రమే వినిపిస్తుంది, చాలా మంచి వస్తువు. నెమ్మదిగా ఒప్పించి తీసుకొస్తాను. మీరు ఎక్కదంటే ఎక్కదన్నట్టే. మీ మాట మీద నాకు ఎప్పుడూ నమ్మకం ఉంది.

మీ
కాన్రాడ్

*

వెర్దున్
2019 మార్చి 28

కాన్రాడ్‌కి,

రెండుసార్లు చదవమన్నావు. నాలుగుసార్లు చదివాను. తర్వాత నీ ఫిబ్రవరి ఉత్తరం కూడా తీసి, వేలు పెట్టుకుని మళ్లీ చదివాను. నేను నెమ్మదిగా చదువుతాను కాబట్టి నాకు మాటలు తప్పిపోవు.

ముందు మెట్ల సంగతి. మంచు గీకి, తాడు వేసి, మెట్టు మెట్టూ కొలిచాను. మెలిక ఒక్కటే ఉంది, ఏడో మెట్టు దగ్గర. తర్వాత వీధిలో నిలబడి చేతులు రెండూ ఎత్తి ఆ నల్ల పియానోని తిప్పాను. ఎదురింటి ముసలాయన నాకు ఫిట్సు వచ్చిందనుకుని అంబులెన్సుకి ఫోన్ చేశాడు. వాళ్లు వచ్చి నా బీపీ చూసి, కాసేపు నాతో పాటు మెట్లు చూసి వెళ్లారు. వాళ్లకీ అర్థమైంది. మీటలు వీధివైపు, వెనక భాగం కొంచెం పైకి, మెలిక దగ్గర నిలువుగా లేపి కుడికి. ఎక్కుతుంది. వేలెడు సందు మిగులుతుంది. ఎక్కదని నేను రాయను. నా చేత్తో నేను ఇంతవరకూ తప్పు చెప్పలేదు, ఇక ముందూ చెప్పను.

ఇప్పుడు నీ సంగతి. పొద్దున ఏడింటికి చేప గిన్నెని నువ్వే మూడో అంతస్తుకి తీసుకెళ్లి కిటికీలో పెట్టానని రాశావు. నిమిషం నిమిషం గుర్తుందన్నావు. పియానో పదింటికి. పదింటికి ఆ గిన్నె వీధిలో నా చేతుల్లో ఉంది. ఎలా వచ్చింది? చేప మెట్లు దిగదు.

నువ్వు మూడు అంతస్తులు ఎక్కి, నిండా నీళ్లున్న గిన్నె ఎత్తుకుని, ఆ మెలికల మెట్లు జాగ్రత్తగా దిగి, పని మధ్యలో నా దగ్గరికి తెచ్చావు. నువ్వు నీ సొంత టోపీ కోసం కూడా మెట్లు ఎక్కే రకం కాదు. ఎందుకు తెచ్చావు?

నలభై ఏళ్లు నేను దాన్ని నీ తెలివితక్కువతనం అనుకున్నాను. అలా అనుకున్నందుకు నన్ను నేను తిట్టుకుంటున్నాను.

జవాబు రాయి. నన్ను మీరు అనకుండా రాయి.

ఒమెర్

*

రిమూస్కీ
2019 ఏప్రిల్ 14

ఒమెర్ బావా,

జిసెల్ చర్చికి వెళ్లింది. గంటన్నర టైముంది. చదివాక ఈ ఉత్తరం చించెయ్యి.

చేపని నేనే కిందికి తెచ్చాను. కావాలనే తెచ్చాను.

నీ చెల్లెలి వాయింపు నువ్వు ఎప్పుడైనా విన్నావా? నువ్వు ఇల్లు వదిలి పనిలో చేరాక తను నేర్చుకుంది, నీకు తెలియదు. నేను విన్నాను. పెళ్లికి ముందు పదకొండు నెలలు ప్రతి ఆదివారం మీ పెద్దత్తయ్య హాల్లో కూర్చుని విన్నాను. తనకి వచ్చింది ఒక్కటే పాట. అందులో ఒకే చోట, ప్రతిసారీ అదే చోట, తప్పు మీట నొక్కుతుంది. ఆ చోటు వస్తోందని మీ అత్తయ్య కుక్క ముందే లేచి వంటింట్లోకి పోయేది. నాకు పోవడానికి వీల్లేదు, నేను పెళ్లికొడుకుని. చాలా బాగుంది అని నలభైసార్లన్నా అని ఉంటాను. ఇక నిజం చెప్పే దారి మూసుకుపోయింది. ఆ పియానో మా ఇంటికి వస్తోందని తెలిసిన రోజు నాకు జ్వరం వచ్చింది.

దాన్ని ఆపడానికి ఒక్కటే మార్గం, మెట్లు ఎక్కదని ఎవరో చెప్పాలి. నువ్వు చేతులెత్తితే అది ఎక్కేస్తుందని నాకు తెలుసు. నీ చేతుల్లోనే అంతా ఉందని పదేళ్లు నీ పక్కన నిలబడి చూసినవాణ్ణి, నాకు ఏ యూనివర్సిటీ చెప్పాలి? కాఫీ కప్పు పట్టుకున్నప్పుడు నిన్ను దారి అడిగితే నువ్వు కప్పు కింద పెట్టేదాకా జవాబు చెప్పవు. సిగరెట్టు వెలిగించుకుంటూ ఒక్క బీరువా తిప్పించలేదు నువ్వు. అందుకే రెండు చేతులూ నిండేది ఏముందా అని ఇల్లంతా వెతికాను. చేప కనబడింది.

కానీ పియానో ఇరుక్కుంటుందని నేను అనుకోలేదు, ఒట్టు. చేతులు లేకపోతే నువ్వు "నాకు తెలియడం లేదు, దించెయ్యండి" అంటావనుకున్నాను. దాన్ని మీ అత్తయ్య ఇంటికే పంపేద్దామనుకున్నాను, అది చక్కగా బతికేది. నువ్వు ఆ మాట అనే మనిషివి కాదని మరిచిపోయాను. తెలియకపోయినా గోడవైపు అన్నావు, అదీ ఆర్మీ కల్నల్‌లా అన్నావు.

తర్వాత జిసెల్ వానలో ఆ మెట్ల కింద గొడుగు పట్టుకుని నిలబడింది. తన మీద కాదు, పియానో మీద. అది చూశాక నిజం చెప్పే ధైర్యం పోయింది. అందరూ నిన్ను అంటుంటే నవ్వి ఊరుకున్నాను. పెళ్లిళ్లలో కథ చెప్పింది కూడా అందుకే. నేను ముందు చెప్తే ఇంకెవరూ అడగరు.

తనతో చెప్పలేను బావా. నలభై ఏళ్లు పోయాక పియానోని నేనే చంపానని చెప్పాలా, తన వాయింపు భరించలేకనే చంపానని చెప్పాలా? రెండూ చెప్తే నేను ఈ వయసులో హోటల్లో ఉండాలి. నీకు కావాలంటే నా వంతుగా నేను నీ దగ్గర క్షమాపణ కోరుకుంటున్నాను. ఇదే రాతపూర్వకంగా. ఇంతటితో వదిలెయ్యి.

కాన్రాడ్

*

వెర్దున్
2019 ఏప్రిల్ 28

కాన్రాడ్ బావా,

చించలేదు. డబ్బాలో పెట్టి తాళం వేశాను. జిసెల్‌కి చూపించను, భయపడకు. అది నా నోటి నుంచి గానీ కాగితం నుంచి గానీ తెలిసే విషయం కాదు, నీ నోటి నుంచి తెలియాలి.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద కోపంగా తిరిగాను. మూడో రోజు బస్సులో కూర్చుని నవ్వాను. పక్కావిడ లేచి వేరే సీటుకి వెళ్లింది. కాఫీ కప్పు సంగతి నాకే తెలియదు. ఇంటికి వచ్చి చూసుకున్నాను, నిజమే.

పేర్లు చెప్పకుండా మిర్లాంద్‌కి కథ చెప్పాను. ఆ అమ్మాయి నవ్వి నవ్వి కళ్లద్దాలు తుడుచుకుంది. నలభై ఏళ్ల క్రితమే వీధిలో నిలబడి పరీక్ష చేసినవాడెవరో అతన్ని చూడాలని ఉందంది. కానీ ఒక తప్పు చేశాడట. మనిషి మీద పరీక్ష చేసే ముందు అతని దగ్గర సంతకం తీసుకోవాలి. నా దగ్గర మూడు పరీక్షలకి మూడు సంతకాలు తీసుకున్నారు. నువ్వు ఒక్కటీ తీసుకోలేదు.

తెలియదని అనలేదన్నావు. ఆ మాట మీద ఒక రాత్రి పోయింది. నీళ్లు చూస్తూ నిలబడ్డప్పుడు నా బుర్రలో పియానో లేదు. ఖాళీ. అది నాకు తెలుస్తూనే ఉంది. అయినా నలుగురు మనుషులు నా మొహం చూస్తున్నారు, అందుకని గోడవైపు అన్నాను. అది నాది. అది నేను జిసెల్‌తో చెప్తాను, నా అంతట నేనే. చేప నీది. అది నువ్వు చెప్పు. చెరో కొస పట్టుకుంటేనే బరువు లేస్తుంది, ఇద్దరం పదేళ్లు అదే పని చేశాం.

వాయింపు సంగతి చెప్పాలా వద్దా అంటే అది నీ ఇష్టం. పియానో పాడు కావాలని కాదు, ఇంట్లోకి రాకూడదని అనుకున్నాను అని చెప్తే చాలు. ఎందుకని జిసెల్ అడిగితే నీ తిప్పలు నువ్వు పడు. హోటల్ అన్నావు. మా ఇంట్లో మడత మంచం ఉంది, గురక పెట్టకూడదు.

నా సంగతి కూడా ఆలోచించాను. ఆ నల్ల పియానో సరిగ్గా నా పడక గది మీదే వస్తుంది. ఆ తప్పు మీట రోజూ నా నెత్తి మీద పడుతుంది. పడనీ. మా చెల్లెలు ఎక్కడో దూరాన ఉండి సరిగ్గా వాయించేకన్నా నా పైన ఉండి తప్పు వాయించడం మేలు. నాకు డెబ్భై మూడు. మెట్ల కింద నిలబడి ఇటు అటు అని చెప్పే జూలైలు ఇంకెన్ని ఉన్నాయో నాకు తెలియదు. చూడు, అన్నాను ఆ మాట.

ఇంటి యజమానురాలు మదామ్ షుయినార్ మే పదహారున వాటా వేరేవాళ్లకి ఇచ్చేస్తుంది. బ్రోసార్ నుంచి డప్పులు వాయించే ఇద్దరు అన్నదమ్ములు వచ్చి చూసి వెళ్లారు. నేను ఆవిడకి ఇంట్లో చేసిన టమాటా పచ్చడి మూడు సీసాలు ఇచ్చి పదిహేను దాకా ఆపించాను. ఇంకో రోజు కూడా ఆపదు.

కాబట్టి నాకు కావాల్సింది ఇది. నీ ఉత్తరం కాదు, నీ ఉత్తరాలు చాలు. జిసెల్ తన చేత్తో రాయాలి. అన్నయ్యా, నా సామాను నువ్వే ఎక్కించు అని. అంతే, ఆ ఒక్క ముక్క. తిట్టినా ఫర్వాలేదు, తిట్లు కింద రాయమను. రాయించే పని నీది.

మే పదిహేను, బుధవారం. పోస్ట్‌మాన్ మా వీధికి పదకొండుకి వస్తాడు. ఒక్కోసారి కుక్కల వల్ల పదకొండుంపావు అవుతుంది. పదకొండున్నర దాకా మెట్ల మీద కూర్చుంటాను.

ఒమెర్